హెచ్‌ఓడీ (విభాగాధిపతి) అయితే పరిశోధన ఆగిపోతుందా? సతీష్ ధవన్ గారు రెండూ ఎలా నడిపారు?

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను, తప్పుంటే దిద్దండి. మీకు 41 ఏళ్లు. ఒక కేంద్ర విద్యాసంస్థలో ఏరోస్పేస్ విభాగంలో అసోసియేట్ ప్రొఫెసర్. మీ సబ్జెక్టు హైస్పీడ్ ఏరోడైనమిక్స్, అంటే చాలా వేగంగా వెళ్లే వస్తువుల చుట్టూ గాలి ఎలా పారుతుందన్నది. మీ దగ్గర నలుగురు పీహెచ్‌డీ విద్యార్థులు ఉన్నారు. వచ్చే జులై నుంచి విభాగాధిపతిగా ఉండమని మీ డైరెక్టరు గారు అడిగారు. "సతీష్ ధవన్ గారు బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ (ఐఐఎస్సీ)నీ ఇస్రోనీ ఒకేసారి నడిపారు కదా, నేను ఒక్క విభాగం చూసుకుంటూ పరిశోధన చేసుకోలేనా?" అన్నది మీ సందేహం.

సూటిగా చెప్పేస్తాను. పదవి తీసుకోండి, కానీ ఇప్పుడే వద్దు. తీసుకునేటప్పుడు షరతులు ముందే మాట్లాడుకోండి. నలుగురిలో కనీసం ఇద్దరి థీసిస్‌లు ఒక దరికి చేరేదాకా, అంటే ఏడాదో ఏడాదిన్నరో గడువు అడగండి. ఇక ధవన్ గారు రెండు సంస్థలు నడిపిన మాట నిజమే. కానీ సొంత పరిశోధన చేసుకుంటూ నడపలేదు. ఈ తేడా దగ్గరే చాలామంది పొరబడతారు. నేనూ పొరబడ్డాను, దాని కథ కింద ఉంది.

నా గురించి రెండు ముక్కలు. 33 ఏళ్లు ఏరోస్పేస్ పాఠాలు చెప్పి నాలుగేళ్ల కిందట రిటైరయ్యాను. మూడేళ్లు హెచ్‌ఓడీ, తర్వాత నాలుగేళ్లు డీన్. ఊరూ పేరూ రాయను. రాస్తే కింద చెప్పబోయే మనుషులు ఎవరో ఇట్టే తెలిసిపోతుంది, అది వాళ్లకు బాగుండదు.

ముందు ధవన్ గారి సంగతి. ఆయన్ని చూపించే అడిగారు కాబట్టి ఆయన జీవితాన్ని ఏళ్ల వారీగా చూద్దాం.

1920లో శ్రీనగర్‌లో పుట్టారు. లాహోర్‌లో పంజాబ్ యూనివర్సిటీ నుంచి మూడు డిగ్రీలు తీసుకున్నారు: గణితం, భౌతికశాస్త్రంతో బీఏ, ఇంగ్లీషు సాహిత్యంలో ఎంఏ, మెకానికల్ ఇంజనీరింగ్‌లో బీఈ. (ఇవాళ అలాంటి బయోడేటా సెలక్షన్ కమిటీ ముందుకొస్తే "మధ్యలో ఈ ఎంఏ ఏమిటండీ?" అని ఎవరో ఒకరు అడిగి తీరతారు. నేను కూర్చున్న కమిటీల్లోనే ఇంతకంటే చిన్న విషయాలకు అడ్డుపుల్లలు వేసిన వాళ్లను చూశాను.) తర్వాత అమెరికా వెళ్లారు. మిన్నెసోటాలో ఎంఎస్, ఆపైన కాల్‌టెక్‌లో హాన్స్ లీప్‌మన్ దగ్గర 1951లో పీహెచ్‌డీ.

ఆ పీహెచ్‌డీలో ఆయన చేసిన పని మీకు తెలిసే ఉంటుంది, కానీ ఇది చదివే పిల్లల కోసం చెప్తాను. గాలి ఒక పలక మీదుగా పారుతున్నప్పుడు ఆ పలకను రాసుకుంటూ వెనక్కి లాగుతుంది. దాన్ని స్కిన్ ఫ్రిక్షన్ అంటాం. ఆ బలం చాలా చిన్నది. అప్పటిదాకా ఎక్కువమంది పలక పైన గాలి వేగం ఎలా మారుతోందో కొలిచి, దాన్నుంచి లెక్కగట్టి ఈ బలాన్ని రాబట్టేవారు. ధవన్ గారు పలకలోంచి గోరంత ముక్కను విడదీసి, చుట్టూ వెంట్రుకవాసి సందు వదిలి, దాన్ని సన్నని స్ప్రింగుల మీద నిలబెట్టారు. గాలి తోస్తే ఆ ముక్క ఎంత జరిగిందో నేరుగా కొలిచారు. సందు కాస్త ఎక్కువైనా, ముక్క పలక కంటే కాస్త పైకి లేచినా కొలత చెడిపోతుంది. చేతిపనిలో గొప్ప ఓపిక ఉంటే తప్ప కుదరదు. ఈ పద్ధతి ఇప్పటికీ బతికే ఉంది. నా విద్యార్థి ఒకడు ఇలాంటి గేజ్ ఒకటి తయారు చెయ్యడానికి రెండేళ్లు తంటాలు పడ్డాడు, అదీ ఇప్పటి మెషినింగ్‌తో.

ఇక ఉద్యోగం. 1951లోనే బెంగళూరు ఐఐఎస్సీలో సీనియర్ సైంటిఫిక్ ఆఫీసరుగా చేరారు. 1955లో ఏరోనాటికల్ విభాగాధిపతి అయ్యారు, అప్పటికి 35 ఏళ్లు. 1962లో డైరెక్టరు, 42 ఏళ్లకు. 1972లో ఇస్రో ఛైర్మన్. 1981లో ఐఐఎస్సీ నుంచి, 1984లో ఇస్రో నుంచి దిగిపోయారు.

మీరు 1972 తర్వాతి కాలాన్ని చూసి ఆశ్చర్యపోతున్నారు. నేనైతే 1951 నుంచి 1962 దాకా ఉన్న పదకొండేళ్లు చూడమంటాను. అసలు సంగతంతా అక్కడే జరిగింది.

అప్పట్లో మన దేశంలో సూపర్‌సోనిక్ విండ్ టన్నెల్, అంటే ధ్వని కంటే వేగంగా గాలిని పారించి నమూనాలను పరీక్షించే గొట్టం, అనేదే లేదు. డబ్బూ లేదు. ధవన్ గారూ, ఆయన సహచరులూ దొరికిన సామానుతో చిన్నచిన్న టన్నెళ్లు కట్టుకున్నారు. పిల్లలు వాటి మీద పనిచేస్తూ నేర్చుకున్నారు. ఆ పిల్లల్లో ఒకరు రొద్దం నరసింహ. ఇంటిపేరు చూస్తేనే తెలుస్తుంది, కుటుంబం మూలాలు అనంతపురం వైపు రొద్దంలో ఉన్నాయి. గాలి నున్నటి ప్రవాహం నుంచి అల్లకల్లోలంగా మారేటప్పుడు ఏం జరుగుతుందన్నది వాళ్ల అంశం. ఆ మార్పు ఒక్కసారిగా రాదు. అక్కడక్కడా మచ్చల్లాగా అల్లకల్లోలం పుట్టి, పెరిగి, ఒకదానితో ఒకటి కలిసిపోతుంది. ఆ మచ్చలు ఎక్కువగా ఎక్కడ పుడతాయన్న దాని మీద నరసింహ గారు చేసిన పనిని ఇద్దరూ కలిసి విస్తరించి 1958లో జర్నల్ ఆఫ్ ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో వేశారు. ఆ పత్రాన్ని టర్బైన్ బ్లేడ్ల మీద పనిచేసేవాళ్లు ఇవాళ్టికీ ఉటంకిస్తారు.

తర్వాత నరసింహ గారు అదే కాల్‌టెక్‌కి, అదే లీప్‌మన్ దగ్గరికి వెళ్లి 1961లో పీహెచ్‌డీ పూర్తి చేసి, 1962లో ఐఐఎస్సీకి తిరిగొచ్చారు. 1962 అంటే ధవన్ గారు డైరెక్టరు అయిన సంవత్సరమే. గురువు ల్యాబ్ వదిలి ఆఫీసులోకి వెళ్తున్నప్పుడు శిష్యుడు ల్యాబ్‌లోకి వచ్చాడు. ఇది పథకం ప్రకారం జరిగిందని నేననను. కానీ అలా జరగడానికి వీలుగా ముందు పదేళ్లు మనుషుల్ని తయారు చేసుకున్నారు. ఆ తర్వాత ధవన్ గారి పేరుతో కొత్త పరిశోధనా పత్రాలు బాగా తగ్గిపోయాయి. ఆ శాఖలో పని మాత్రం తగ్గలేదు.

అందుకే మిమ్మల్ని నేను వేసే మొదటి ప్రశ్న: మీరు రేపటి నుంచి ల్యాబ్‌కి రాకపోతే అక్కడ పని నడిపే మనిషి ఎవరు? ఒక పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక ల్యాబ్‌లో పరిశోధన చేసే మనిషి) కావచ్చు, కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్ కావచ్చు, ఇరవై ఏళ్ల అనుభవమున్న టెక్నీషియన్ కావచ్చు. పేరు చెప్పగలిగితే పదవికి సిద్ధంగా ఉన్నట్టే. నీళ్లు నమిలితే ఇంకా కాదు.

నాకు అలాంటి మనిషి లేరు. 43వ ఏట హెచ్‌ఓడీ అయ్యాను. పొగడ్తకు పడిపోయాను, అంతే. "మీరు తప్ప ఈ విభాగాన్ని గాడిలో పెట్టేవాళ్లు లేరు" అన్నారు. తర్వాత తెలిసింది, నాకంటే ముందు ఇద్దరికి ఇదే మాట చెప్పారని, వాళ్లు తెలివిగా తప్పుకున్నారని.

మా బ్లోడౌన్ టన్నెల్ కంప్రెసర్ నేను ఛార్జ్ తీసుకున్న రెండో నెలలో మొరాయించింది. తెలియనివాళ్ల కోసం: బ్లోడౌన్ టన్నెల్ అంటే గాలిని గంటల తరబడి పెద్ద ట్యాంకుల్లోకి కుక్కి, ఒక్కసారి వాల్వు తెరిచి కొన్ని సెకన్ల పాటు వదలడం. ఆ కొద్ది సెకన్లలోనే కొలతలన్నీ తీసుకోవాలి. కంప్రెసర్ లేకపోతే టన్నెల్ ఉట్టి ఇనుప గొట్టం. మామూలుగా అయితే నేనే కాళ్లకు బలపం కట్టుకుని తిరిగి, ఫైలు వెనకాల పడి, రెండు నెలల్లో కొత్తది తెప్పించేవాణ్ణి. కానీ అప్పుడు నేను మిగతా వాళ్ల ఫైళ్ల వెనక తిరుగుతున్నాను. మూడు కొటేషన్లు, స్పెసిఫికేషన్ మార్పు, మళ్లీ టెండరు, ఎల్-1 (అందరికంటే తక్కువ ధర చెప్పిన) కంపెనీ వెనక్కి తగ్గడం, మార్చి నెలాఖరులో బడ్జెట్ మురిగిపోవడం. మొత్తం పదకొండు నెలలు పట్టింది. నా విద్యార్థి ఒకమ్మాయి ఆ పదకొండు నెలలూ ఖాళీగా కూర్చుంది. ఆమె ఒక్కమాట అనలేదు. థీసిస్ ఏడాదిన్నర ఆలస్యమైంది, ఈలోపు ఫెలోషిప్ గడువు అయిపోయింది, ఇంట్లో పెళ్లి సంబంధాల ఒత్తిడి. హెచ్‌ఓడీ గదిలో కూర్చుని మిగతా అందరి విద్యార్థుల సమస్యలూ తీరుస్తున్నాను, నా సొంత విద్యార్థి సమస్య మాత్రం తీర్చలేకపోయాను.

అందుకని గడువు అడగండి అంటున్నాను. డైరెక్టరు గారు కాదనరు. "ఇద్దరు విద్యార్థులు ప్రయోగాల మధ్యలో ఉన్నారు, ఈ జులైకి కాకుండా ఆ పై ఏడాది జులైకి సిద్ధంగా ఉంటాను" అంటే ఏ మంచి డైరెక్టరైనా అర్థం చేసుకుంటారు. అర్థం చేసుకోకపోతే, ఆయన కింద హెచ్‌ఓడీగా పనిచెయ్యడం ఎలా ఉంటుందో మీకు అప్పుడే తెలిసిపోయింది.

ఇక షరతుల సంగతి.

1971 డిసెంబరు 30న, అప్పటిదాకా ఇస్రోను నడిపిన విక్రమ్ సారాభాయ్ గారు హఠాత్తుగా చనిపోయారు. ధవన్ గారు అప్పుడు సెలవు మీద కాల్‌టెక్‌లో ఉన్నారు. ఇందిరా గాంధీ గారు అంతరిక్ష కార్యక్రమం బాధ్యత తీసుకోమని కబురు పెట్టారు. ప్రధానమంత్రి పిలిస్తే మనమైతే తర్వాతి విమానం ఎక్కేస్తాం. ఆయన రెండు విషయాలు అడిగారు: ఐఐఎస్సీ డైరెక్టరుగా కొనసాగుతాను, ఇస్రో ప్రధాన కార్యాలయం బెంగళూరులో ఉండాలి. రెండిటికీ ఆమె ఒప్పుకున్నారు. పైగా ఆయన అక్కడ మొదలుపెట్టిన పని ముగించుకునేదాకా కొన్ని నెలలు భౌతికశాస్త్రవేత్త ఎంజీకే మీనన్ గారు ఇస్రో చూసుకున్నారు. 1972 సెప్టెంబరులో ధవన్ గారు బాధ్యత తీసుకున్నారు. చూశారా, ఆయన కూడా గడువు తీసుకున్నారు.

ఈ షరతులను చాలామంది ఆయనకు ఐఐఎస్సీ మీద ఉన్న ప్రేమగానే చెప్తారు. ప్రేమ ఉంటే ఉండొచ్చు. నాకు మాత్రం ఫైళ్లు మోసినవాడిగా ఇంకోటి కనిపిస్తుంది. అంతరిక్ష కమిషన్ ఛైర్మన్, అంతరిక్ష విభాగం కార్యదర్శి, ఇస్రో ఛైర్మన్ మూడూ ఆయనే. పైగా ఢిల్లీలో కాకుండా బెంగళూరులో. అంటే సాంకేతిక నిర్ణయం తీసుకునే మనిషీ, డబ్బు మంజూరు కోరే మనిషీ ఒక్కరే. మధ్యలో "దయచేసి చర్చించండి" అని రాసి ఫైలు తిప్పి పంపే గది లేదు. రెండు సంస్థలు ఒకే మనిషి నడపగలిగాడంటే అందులో సగం కారణం ఆ మనిషి, మిగతా సగం ఈ అమరిక. మీరు విభాగాధిపతి అయినప్పుడు మీ ఫైలు ఎన్ని బల్లలు దాటాలో ఇప్పుడే కనుక్కోండి.

మీ స్థాయిలో అడగదగ్గ షరతులు చిన్నవే. నేను ఇప్పుడైతే ఇవి అడుగుతాను:

ఒకటి, పర్చేజ్, స్టోర్స్, స్కాలర్ల అటెండెన్స్ చూసుకోవడానికి ఒక పూర్తికాలపు టెక్నికల్ ఆఫీసరు. ఇది నోటిమాట మీద వద్దు, ఆర్డరు రావాలి. నాకు నోటిమాట ఇచ్చారు. మనిషి మూడో ఏడు వచ్చాడు, నేను దిగిపోయే ఆరు వారాల ముందు.

రెండు, సెమిస్టరుకు ఒకే కోర్సు, అది కూడా మీకు ఇష్టమైనది. పాఠం మొత్తం మానెయ్యొద్దు. పాఠం మానేసిన హెచ్‌ఓడీ ఏడాదిలోపే విద్యార్థులను అంకెలుగా చూడ్డం మొదలుపెడతాడు. నా కళ్లముందు జరిగింది.

మూడు, వారంలో ఒకరోజు మీది. నాకు గురువారం. ఇది డీన్ అయ్యాక, తొలి దెబ్బ తిన్నాక పెట్టుకున్న నియమం. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం దాకా ల్యాబ్‌లోనే, ఫోను ఆఫీసు అసిస్టెంటు దగ్గర. మొదట్లో అందరూ గొణిగారు. ఆరు నెలల తర్వాత "గురువారం సార్ దొరకరు" అన్నది క్యాంపస్‌లో వర్జ్యం లాగా స్థిరపడిపోయింది. ఆ గురువారాలు లేకపోతే నేను డీన్ పదవి దిగాక తిరిగి పరిశోధనలోకి వచ్చేవాణ్ణి కాదు. ఒక గురువారం ఒక కుర్రాడు ష్లీరెన్ ఫొటో (గాలి సాంద్రతలో తేడాలను కంటికి కనిపించేలా తీసే ఫొటో) తెచ్చి, అందులోని షాక్ వేవ్ గీతను చూపించి, "సార్, ఈ షాక్ ఎందుకు ఇలా చీలింది?" అని అడిగాడు. నాకు వెంటనే తట్టలేదు. ఐదేళ్ల కిందట అయితే చూడగానే చెప్పేవాణ్ణి. ఆ రోజు ఇంటికెళ్లి పాత నోట్సు తీసి కూర్చున్నాను. తుప్పు అలా నిశ్శబ్దంగా పడుతుంది, మీకు తెలియదు కూడా.

ఇంకో విషయం, ఎవరూ ముందుగా చెప్పనిది. మీరు నాయకత్వంలో ఉన్నప్పుడు మీ పేరు మీద జరిగే వైఫల్యాల్లో సగం మీరు చెయ్యనివే ఉంటాయి. వాటి ముందు ఎవరు నిలబడాలి అన్నది పెద్ద ప్రశ్న.

1979 ఆగస్టు 10. శ్రీహరికోట నుంచి ఎస్‌ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం. రెండో దశ నియంత్రణ వ్యవస్థ పనిచెయ్యక రాకెట్ బంగాళాఖాతంలో పడింది. ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం గారు. విలేఖరుల ముందుకు మాత్రం ఛైర్మన్ ధవన్ గారే వెళ్లారు. తన బృందానికి అండగా నిలబడి, వచ్చే ఏడాది చేసి చూపిస్తామన్న నమ్మకం చెప్పారు. 1980 జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరినప్పుడు విలేఖరుల ముందుకు కలాం గారిని పంపారు. ఈ కథ కలాం గారే ఎన్నో సభల్లో చెప్పారు కాబట్టి అందరికీ తెలుసు. ఇప్పుడు వాట్సాప్‌లో పొద్దున్నే వచ్చే మంచిమాటల స్థాయికి దిగిపోయింది కూడా.

తెలిసిన కథే కదా అని నేనూ పాఠాల్లో చెప్పేవాణ్ణి. నా వంతు వచ్చినప్పుడు ఏం చేశానో వినండి.

మేం ఒక ప్రభుత్వ సంస్థకు ఒక మోడల్ మీద టన్నెల్ పరీక్షలు చేసి ఇచ్చాం. ప్రాజెక్టు నా పేరు మీద ఉంది, పనంతా మా విభాగంలో కొత్తగా చేరిన ఒకబ్బాయి చేశాడు. చాలా చురుకైనవాడు. బ్యాలెన్స్ క్యాలిబ్రేషన్‌లో ఒక పొరపాటు జరిగింది. మోడల్ మీద పడే బలాలను కొలిచే పరికరాన్ని బ్యాలెన్స్ అంటాం. ఒక దిశలో వేసిన బరువు ఇంకో దిశ రీడింగును కూడా కొంచెం కదిలిస్తుంది, ఆ సవరణ పట్టికలో ఒక గుర్తు ప్లస్ బదులు మైనస్ పడింది. డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) అంకెలు తేడాగా వచ్చాయి. సమీక్షా సమావేశంలో వాళ్లు పట్టుకున్నారు. ఆ రోజు నేను ఇంకో ఊళ్లో ఇంకో కమిటీలో ఉన్నాను. ఆ కమిటీ వాయిదా వేసుకోవచ్చు. వేసుకోలేదు. సమస్య ఉందని ముందురోజు రాత్రే అతను ఫోన్ చేసి చెప్పాడు, "నువ్వు మేనేజ్ చెయ్యి, ఏం ఫరవాలేదు" అన్నాను. అతను ఒక్కడే పన్నెండు మంది ముందు రెండు గంటలు నిలబడ్డాడు.

తప్పు సరిదిద్దాం, పరీక్షలు మళ్లీ చేశాం, రిపోర్టు ఆమోదం పొందింది. ఆ రిపోర్టు అప్పగించే సమావేశానికి మాత్రం నేను వెళ్లాను. తీరా వచ్చాక గానీ గుర్తురాలేదు, ధవన్ గారు చేసినదానికి సరిగ్గా తలకిందులుగా చేశానని. అతను ఏమీ అనలేదు. రెండేళ్లకు ఇంకో సంస్థకు వెళ్లిపోయాడు, ఇప్పుడు పెద్ద ప్రొఫెసర్. కలిస్తే మర్యాదగా మాట్లాడతాడు. అంతే మాట్లాడతాడు.

కాబట్టి మీకు చెప్పేది ఒకటే: ఛార్జ్ తీసుకున్న రోజున మీ క్యాలెండర్‌లో మీ విభాగం వాళ్ల సమీక్షలన్నీ ముందు రాసుకోండి. మిగతా కమిటీలు ఆ తర్వాత.

ధవన్ గారి విషయంలో ఇంకో కోణం ఉంది, అది విభాగం కంటే పై పదవులకు వర్తిస్తుంది. ఏరోస్పేస్ మనిషి డైరెక్టరు అయితే ఏరోస్పేస్‌కే డబ్బులు పోతాయని మిగతావాళ్లు భయపడతారు. ఆయన హయాంలో ఐఐఎస్సీకి ఎవరెవరు వచ్చారో చూడండి. కొలాజన్ అనే ప్రొటీన్ నిర్మాణం చెప్పిన జీఎన్ రామచంద్రన్ వచ్చి మాలిక్యులర్ బయోఫిజిక్స్ మొదలుపెట్టారు. సిద్ధాంత భౌతికశాస్త్రంలో ఈసీజీ సుదర్శన్. పశ్చిమ కనుమల మీద పనితో తర్వాత పేరు పొందిన పర్యావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్. పల్లెల కోసం పొయ్యిలు, గోబర్ గ్యాస్ మీద పనిచేసిన అమూల్య రెడ్డి గారి 'అస్త్ర' 1974లో మొదలైంది. రాకెట్లు చూసుకునే మనిషి పొగ రాని పొయ్యికి కూడా చోటిచ్చాడన్నమాట. మీకు ఇప్పుడు ఇది అక్కర్లేదు, కానీ విభాగంలోనే మీ సబ్జెక్టు కాని స్ట్రక్చర్స్ వాళ్లకూ, కంట్రోల్స్ వాళ్లకూ మీరు ఏం చేస్తారన్నదాని మీదే మీ పేరు నిలబడుతుంది. మీ టన్నెల్‌కి మీరే కొత్త కంప్రెసర్ కొనిపించుకుంటే, అది ఎంత అవసరమైనా సరే, కారిడార్లో మాట పుడుతుంది. ఛార్జ్ తీసుకోకముందే కొనిపించుకోండి.

ఇక్కడ రెండు హెచ్చరికలు చెయ్యాలి.

మొదటిది, కాలం. ధవన్ గారు దాదాపు రెండు దశాబ్దాలు డైరెక్టరుగా ఉన్నారు, ఐఐఎస్సీ చరిత్రలో అంత కాలం ఇంకెవరూ లేరు. అంత సమయముంటే విత్తనం వేసి చెట్టు చూడొచ్చు. ఇప్పుడు ఐఐటీ డైరెక్టరు పదవి ఐదేళ్లు, హెచ్‌ఓడీ సాధారణంగా మూడేళ్లు. మూడేళ్లలో విభాగం స్వరూపం మార్చలేరు. ఒకట్రెండు మంచి నియామకాలు, ఒక పాత ల్యాబ్ బాగుచెయ్యడం, సిలబస్‌లో ఒక సవరణ. వీటికి మించి పెట్టుకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ఒకట్రెండు నియామకాలేనా అని చిన్నచూపు చూడకండి. మీరు దిగిపోయాక ముప్పై ఏళ్లు ఉండేవి అవే.

రెండోది, ఈ సమాధానమంతా పరిశోధన జరిగే సంస్థల గురించి. మన ఆంధ్ర, తెలంగాణల్లో ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో ఏరోనాటికల్ విభాగానికి హెచ్‌ఓడీ అంటే పని పూర్తిగా వేరు. ఎన్‌బీఏ (కోర్సుల గుర్తింపు) ఫైళ్లు, అడ్మిషన్లు, హాజరు తగ్గిన పిల్లల తల్లిదండ్రులకు ఫోన్లు, కౌన్సెలింగ్ సీజన్లో సీట్లు నిండలేదని యాజమాన్యం చూపులు. అక్కడి మిత్రులు ఇది చదువుతుంటే గురువారం నియమం చూసి నవ్వుకుంటారు. వాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే: పదవీకాలం ఎంతో, అదనపు జీతం ఎంతో, క్లాసులు ఎన్ని తగ్గుతాయో అపాయింట్‌మెంట్ ఆర్డరులో రాయించుకోండి.

అసలు పదవి తీసుకోకపోతే ఎదుగుదల ఆగిపోతుందేమో అన్న భయం కూడా మీ ప్రశ్న వెనక కనిపించింది. ఆగదు. ఈ రంగంలో దారులు చాలా ఉన్నాయి. మన కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, ఐఐఎస్సీ, ఎంఐటీల మీదుగా వెళ్లిన సత్య అట్లూరి గారు ప్రధానంగా పరిశోధనతోనే, గణన యాంత్రికశాస్త్రంలోనే (వస్తువుల మీద బలాల ప్రభావాన్ని కంప్యూటర్ లెక్కలతో చూసే శాస్త్రం) పేరు తెచ్చుకున్నారు, 2013లో పద్మభూషణ్ వచ్చింది. మరోవైపు కోట హరినారాయణ గారు తేజస్ యుద్ధవిమాన కార్యక్రమం నడిపి, ఆ తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గా వచ్చారు. అంటే ఆయన ముందు వర్క్‌షాపుల్లో, హ్యాంగర్లలో నాయకత్వం నేర్చుకుని తర్వాత విద్యాసంస్థకు వచ్చిన మనిషి. రొద్దం నరసింహ గారు ప్రొఫెసరుగా ఉంటూ 1984 నుంచి 1993 దాకా నేషనల్ ఏరోస్పేస్ ల్యాబొరేటరీస్ నడిపి, దిగాక కూడా ఎనభై దాటిన వయసులో మేఘాల ప్రవాహం మీద పనిచేశారు. హెచ్‌ఓడీ, డీన్, డైరెక్టర్ అనే మెట్లు ఎక్కకపోతే జీవితం వృథా అనుకునేది మన బంధువులే, పెళ్లిళ్లలో పలకరించేటప్పుడు.

అన్నట్టు, తిరిగి పనిలోకి రావడం గురించి. పదవి నుంచి దిగాక ఖాళీ అవుతుంది, అది చాలామందిని కుంగదీస్తుంది. ఫోన్ మోగదు. కారు రాదు. ఆ ఖాళీని ఏం చెయ్యాలో ముందే అనుకోవాలి. ధవన్ గారు పక్షులు ఎలా ఎగురుతాయన్న దాని మీద దృష్టి పెట్టి ఆ అంశం మీద రాశారు. షార్ (శ్రీహరికోట ప్రయోగ కేంద్రం) పక్కనే ఉన్న పులికాట్ సరస్సుకు శీతాకాలంలో రాజహంసలు గుంపులుగా వస్తాయి, సూళ్లూరుపేట వైపు వెళ్లినవాళ్లకు తెలుసు. ఆ షార్ కేంద్రానికే 2002లో ఆయన చనిపోయాక ఆయన పేరు పెట్టారు. నేను రెండుసార్లు పిల్లల్ని తీసుకుని అటు వెళ్లాను. రాకెట్ చూద్దామని బయల్దేరి, ప్రయోగం వాయిదా పడి, కొంగలను చూసి తిరిగొచ్చాం. ఒకబ్బాయి మాత్రం రెక్క చివరి ఈకలు విడివిడిగా ఎందుకు ఉంటాయో దారిపొడవునా అడుగుతూనే ఉన్నాడు, అతని ఎంటెక్ ప్రాజెక్టు చివరికి దాని మీదే అయింది.

మళ్లీ మీ దగ్గరికి. రాయకుండా వదిలేసిన వివరాలు రెండున్నాయి, అవి తెలిస్తే ఇంకా ఖచ్చితంగా చెప్పగలను. మీ నలుగురు విద్యార్థుల్లో కాంప్రహెన్సివ్ (పీహెచ్‌డీలో కొనసాగడానికి పెట్టే అర్హత పరీక్ష) దాటినవాళ్లు ఎందరు, అందులో టన్నెల్ మీద ఆధారపడినవాళ్లు ఎందరు? కంప్యూటేషన్ చేసేవాళ్లయితే వారానికి ఒక గంట ఇచ్చినా నడుస్తుంది, ప్రయోగాలు చేసేవాళ్లకు అలా కుదరదు. రెండోది, మీ కంప్రెసర్ వయసెంత? చివరిసారి ఓవర్‌హాల్ ఎప్పుడు చేశారో లాగ్‌బుక్ చూసి రాయండి.